ఫైరింజను పట్టేంత దారి

చెరకు ఆడే కాలంలో ఆ ఊళ్లో మిల్లు పొగగొట్టం నుంచి మసి రాలుతుంది. ఊకలా తేలిగ్గా, కాకి ఈకలా నల్లగా, గాలి ఎటు వీస్తే అటు. ఆరేసిన దుప్పట్ల మీద, బడిపిల్లల తెల్ల చొక్కాల మీద, చర్చి మెట్ల మీద, గుడి గోపురం మీద ఏ భేదమూ చూపకుండా పడుతుంది. జనం దాన్ని తిట్టరు. మసి రాలుతోందంటే మిల్లు నడుస్తోందని, మిల్లు నడుస్తోందంటే బజారు నడుస్తుందని వాళ్లకు తెలుసు. అదే దీవిలో ఇంకో మూలనున్న పెనాంగ్ మిల్లు మూతపడిన ఏడాది, "అక్కడిప్పుడు ఆకాశం అద్దంలా ఉందట" అని ఎవరో మెచ్చుకోబోతే, మాలా కర్రీ హౌస్ నరసింహ, "ఆ ఆకాశాన్ని అన్నంలో కలుపుకు తింటున్నారా?" అని అడిగాడు.

నరసింహ చూపే అంత. వాన వస్తే గొడుగులవాడికి లాభం, ఐస్‌క్రీములవాడికి నష్టం, తనకు మాత్రం పకోడీల వల్ల సగం సగం అనుకుంటాడు. చావుకబురు వచ్చినా ముందు పాపం అంటాడు, వెంటనే భోజనాలు ఎవరికి చెప్పారో కనుక్కుంటాడు. దుర్మార్గుడు కాదు. కళ్లు తెరిచినంతసేపూ మనసులో తక్కెడ ఊగుతూ ఉంటుంది, అంతే.

కౌన్సిల్‌వారు నడివీధికి రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతి, కార్లను ఆపేసి, దానికి మాల్ అని పేరు పెట్టిన రోజున ఆ తక్కెడ ఒక్కసారిగా నేలకు తగిలింది. కారు ఆపుకునే చోటు లేకపోతే గిరాకీ ఎలా వస్తుందని నరసింహ నెత్తి కొట్టుకున్నాడు. నల్లజెండా పట్టుకుని కౌన్సిల్ ముందు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున కొట్టు తెరిచి చూస్తే ఎదురుగా రోడ్డంతా ఖాళీ. ఆ నల్లజెండా గుడ్డనే పరిచి ఒక బల్ల బయట వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో బల్ల వేశాడు. అప్పుడూ అనలేదు. చివరికి కౌన్సిల్‌వారే వచ్చి, ఆరుబయట భోజనం పట్నానికి అందమని పొగిడి, దానికొక లైసెన్సు పుట్టించారు. నరసింహ హోటలు లోపల చెరకుబండి పెట్టెలా ఇరుకు. నాలుగు బల్లలు వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి. అందుకని లోపలి బల్లలు పేరుకి, బయటి బల్లలు బతుక్కి అన్నట్టు అయింది.

అయితే ఆరుబయట అంటే మసి కిందే. ఓడ దిగి వచ్చిన ఒక తెల్లావిడ పప్పులో నల్లటి రేకలు చూసి ఇదేమిటని అడిగింది. వంట చేసే మాల, అంటే నరసింహ భార్య, తొణక్కుండా "ఇక్కడి పోపు" అని చెప్పింది. ఆవిడ ఇంకో గిన్నె తెప్పించుకుంది. కానీ గిరాకీ అంతా ఓడ దిగి వచ్చేది కాదు కదా. ముందు గొడుగులు పెట్టాడు. గొడుగుల సందుల్లోంచి మసి పడింది. టార్పాలిన్ కట్టాడు. ఎండకు అది పెనంలా కాలింది. చివరికి రిసార్టుల్లో ఉన్నట్టు ఎండు ఆకులతో కప్పు వేయించాడు. చల్లగా ఉంది, చూడ్డానికి బాగుంది, జనం దాని కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

ఎదురుగా కామిని బార్బెక్యూ. కామిని అరవై దాటిన విధవరాలు, ఎవరి నోటికీ జడవదు. నరసింహ కప్పు వేసిన వారంలో ఆమె కూడా ఎండుటాకుల కప్పు వేయించింది, కింద బొగ్గుల పొయ్యితో సహా. రెండు కప్పులూ ఒకదాని వైపు ఒకటి పెరుగుతూ పోయి వీధి మధ్యలో కలుసుకున్నాయి. తన వైపు గుంజలు నాటడం దేనికని కామిని తన వాసాలను నరసింహ గుంజల మీదే ఆనించింది. నరసింహ కాదనలేదు. ఆమె గిరాకీ తన కప్పు కింద నుంచే నడిచి రావాలి మరి. అలా ఆ వీధి ఒక సొరంగమైంది. మధ్యాహ్నం కూడా దీపాలు వేసుకునేవారు. అందరూ గర్వపడ్డారు.

అదిగో అప్పుడు వచ్చాడు ఇసిరేలి.

ఊళ్లో ఫైర్ స్టేషనుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు. కైవీటి మనిషి, అంటే ఆ దీవుల మూలవాసి, భుజాలు తలుపు పట్టనంత. ఫైరింజనును మాల్ మొదట్లోనే ఆపి, దిగి, కప్పుల కిందగా తలవంచుకుని నడిచి వచ్చి బయటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పాత గిరాకీలా నవ్వాడు.

"బులా భయ్యా! కా హాల్? ధందా బాగుందా?"

"బులా, బులా సాహెబ్! అంతా మీ దయ," అని నరసింహ లోపలికి తిరిగి, గిరాకీ ముందు అనకూడని మాటలన్నీ అనే భాషలో, అంటే తెలుగులో, కేక వేశాడు. తాతల కాలంలో ఓడెక్కి వచ్చిన తెలుగు ఆ ఇంట్లో బతికి ఉన్నది రెండు పనులకే. శ్రీరామనవమి భజనకు, గిరాకీని తిట్టుకోవడానికి. "ఏమే! గున్న ఏనుగొచ్చింది. పెద్ద పళ్లెం పెట్టు. నోరు నిండితే మాట పెగలదు."

ఇసిరేలి కూడా లోపలికే చూసి, అదే భాషలో అన్నాడు. "పెద్ద పళ్లెమే పెట్టక్కా. ఏనుక్కి మిరపకాయ తక్కువ."

లోపల గరిటె కింద పడిన చప్పుడైంది. తరవాత మాల నవ్వు వినపడింది. నరసింహ మొహం వేడి పెనం మీద పడ్డ చపాతీలా రంగు మారింది.

"ఎక్కడ నేర్చావ్ సాహెబ్?"

"వాయినికోరో. మా ఇంటి పక్కనే సన్యాసి తాత చెరకుతోట. తాత మనుషులతో హిందీ, ఎడ్లతో తెలుగు. నేను ఎడ్ల దగ్గర నేర్చా." ఇసిరేలి అన్నం కలుపుతూ చెప్పాడు. "అందుకే నాకు కొన్ని మాటలే వచ్చు. ఆగు. తిరుగు. పక్కకి జరుగు."

కడుపునిండా తిని, డబ్బు వద్దంటున్నా బల్ల మీద పెట్టి, అప్పుడు చెప్పాడు. బయటి బల్లల లైసెన్సు మళ్లీ రాయాలంటే ఈసారి ఫైర్ ఆఫీసు సంతకం కూడా కావాలి. సంతకం కావాలంటే వీధి మధ్యలో ఫైరింజను పట్టేంత దారి ఉండాలి, దాని పైన ఆకాశం కనపడాలి. పైన ఎండుటాకు, కింద బొగ్గుల పొయ్యి, వెనక గ్యాసు బండలు. "ఇది హోటలు కాదు భయ్యా, అగ్గిపెట్టె. సంతకం లేకపోతే లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే బల్లలన్నీ లోపలికి."

"లోపల చోటెక్కడిది?"

"నేను కూడా అదే అడుగుతున్నా. బయట చోటెక్కడిది?" అని లేచి, బల్లల మధ్య అడ్డంగా నిలబడిపోయిన నరసింహ భుజం మీద చెయ్యి వేసి, వాయినికోరో ఎడ్లతో అన్నంత ముద్దుగా, "పక్కకి జరుగు," అని వెళ్లిపోయాడు.

ఆ సంతకం లేకపోతే ఏమవుతుందో నరసింహకు క్షణంలో తేలిపోయింది. నాలుగు బల్లల హోటలు అంటే వంటమనిషి మాల, వడ్డించేది తాను, తినేవాళ్లు ఇద్దరు. మళ్లీ బస్ స్టాండులో బుట్ట పెట్టుకుని రోటీ పొట్లాలు అమ్ముకునే రోజులే. ఆ రోజుల నుంచి ఇక్కడికి రావడానికి సగం జీవితం పట్టింది. తిరిగి వెళ్లడానికి ఒక్క సంతకం చాలు.

కౌన్సిల్‌లో మాల్ వ్యవహారాలు చూసే బిజేంద్ర బాబు దగ్గరికి పరిగెత్తాడు. బిజేంద్ర ఎవరినీ నొప్పించని మనిషి, అందుకే పెన్షను దాకా వచ్చాడు. "ఫైర్‌వాళ్లకి దారి కావాలి, మీకు బల్లలు కావాలి. రెండూ ఇద్దాం," అన్నాడు. పసుపు రంగు డబ్బా ఇచ్చి ఒక మనిషిని పంపాడు. వాడు ఎండ పడలేక నీడ వెంబడే గీత గీశాడు, బల్ల అడ్డమొచ్చిన చోట బల్లను కదపకుండా దాని చుట్టూ తిప్పాడు. గీత కామిని పొయ్యి చుట్టూ ఒక వంక, నరసింహ కూల్‌డ్రింకుల పెట్టె చుట్టూ ఒక వంక తిరిగి, పూలకుండీ దగ్గర రంగు అయిపోయి ఆగింది. రెండు గీతల మధ్య ఉన్నదే ఫైరింజను దారి అని బోర్డు పెట్టారు.

ఇసిరేలి వచ్చి ఆ గీతల మధ్య నడిచి చూశాడు. పూలకుండీ దగ్గర ఆగాడు.

"బిజేంద్ర బాబూ, మా ఇంజను పాము కాదు."

"ఆపదలో అన్నీ కదులుతాయి సాహెబ్," అన్నాడు బిజేంద్ర. ఆ మాట నరసింహ పట్టుకున్నాడు. కదిలే బల్లలు! కదిలే కప్పు! పదిహేను రోజుల్లో బల్లలన్నిటికీ చక్రాలు వచ్చాయి. కప్పు మధ్య భాగాన్ని తాళ్లతో పైకి లాగే కప్పీలు వచ్చాయి. కామిని కూడా చక్రాలు వేయించుకుంది, నరసింహ వేయించినదానికంటే పెద్దవి. కేక పెడితే చాలు, కళ్లు మూసి తెరిచేలోగా దారి తెరుచుకుంటుందని చెప్పి, పరీక్షకు ఇసిరేలిని పిలిచారు.

మంచి మధ్యాహ్నం వేళ ఫైరింజను కూత పెట్టింది. వడ్డించేవాళ్లు పరిగెత్తి బల్లలు తొయ్యడం మొదలెట్టారు. తినేవాళ్లు మాత్రం లేవలేదు. డబ్బిచ్చి తెప్పించుకున్న మేకకూర కదిలి పోతుంటే చూస్తూ ఊరుకుంటారా? బల్లతోపాటే కుర్చీలు జరుపుకుంటూ, ముద్ద ముద్దకూ ఒక జరుగు చొప్పున తింటూ వెళ్లారు. ఒక లారీ డ్రైవరు బల్ల అంచు పట్టుకుని నడుస్తూనే ఎముక చప్పరించాడు. కప్పీ తాడు లాగితే కప్పు పైకి లేచింది కానీ, కాలమంతా దాని మీద పేరుకున్న మసి గంపలకొద్దీ కిందకు దిగింది. ఎవరి మొహం ఎవరిదో తెలియలేదు. అయినా చివరికి దారి ఏర్పడింది. ఏర్పడీ ఏర్పడగానే ఫైరింజనును చూడ్డానికి బజారంతా వచ్చి ఆ దారిలో నిలబడింది.

"దారి ఉంది, చూశావా!" అన్నాడు నరసింహ, మసి మొహంతో.

"జనం కింద ఉంది," అన్నాడు ఇసిరేలి.

ఇక మిగిలింది ఒక్కటే అనుకున్నాడు నరసింహ. ఆ దేశంలో పుట్టి పెరిగినవాడికి తెలియని సంగతి కాదు. కైవీటి మనిషి ముందు కూర్చుని, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ల కట్ట పెట్టి, పద్ధతిగా ఏదైనా అడిగితే తోసిపుచ్చడం కష్టం. కట్టను చేత్తో అందుకుని చప్పట్లు కొట్టాడంటే అడిగింది ఇచ్చినట్టే. కాగితం అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు. అబద్ధాలకు లొంగని ఆఫీసరు ఆచారానికి లొంగుతాడు. ఇంత చవకైన బేరం ఇన్నాళ్లూ తన కంట ఎలా పడలేదా అని నరసింహకు తన మీదే కోపం వచ్చింది.

బజారులో దొరికే వేళ్లలో మంచివే ఏరి, పేపరులో చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి ఫైర్ స్టేషనుకు వెళ్లాడు. చెప్పులు విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ఫైర్‌మెన్. కట్ట ముందు పెట్టి చెప్పాడు. "మసి రాలినన్నాళ్లు మా కప్పు జోలికి రావద్దు. అంతే అడుగుతున్నా."

ఇసిరేలి కట్ట వంక చూశాడు. తన కుర్రాళ్ల వంక చూశాడు. వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. బిజేంద్ర బాబు కాగితాలయితే తిప్పి పంపేవాడే. దీన్నెలా పంపుతాడు? పెద్ద నిట్టూర్పు విడిచి, రెండు చేతులతో అందుకుని, దొప్పలా వంచిన అరచేతులతో చప్పట్లు కొట్టాడు.

"మసి రాలినన్నాళ్లు," అన్నాడు. "మిల్లు ఆగాక నేనొస్తా, తవాలే."

తవాలే అంటే వాళ్లలో మన బావ వరస. ఎంత వేళాకోళమైనా చెల్లే వరస. నరసింహ ఆ పిలుపును లాభంలో వేసుకుని ఇంటికి వచ్చాడు. "ఎలా కట్టేశానో చూశావా ఏనుగుని!" అని మాలకు చెప్పాడు. మాల వడలు తీస్తూ, "నువ్వు కట్టిన తాడుకి రెండో కొస ఎక్కడుందో చూసుకున్నావా?" అంది. నరసింహకు గిరాకీ పిలుపు వినపడింది.

డిసెంబరులో మిల్లు ఆగింది. మసి ఆగింది. నరసింహ కప్పు తియ్యలేదు. క్రిస్మస్ వస్తోందని ఎండుటాకుల నిండా రంగురంగుల దీపాల తీగలు కట్టించాడు. "కాలం మారిందని ఇల్లు పీకుతామా?" అని కామినితో అన్నాడు. కామిని తన వైపు కూడా దీపాలు కట్టించింది, కొన్ని వెలుగుతూ ఆరే రకం.

ఒక మధ్యాహ్నం గిరాకీ కిక్కిరిసి ఉండగా ఇసిరేలి వచ్చాడు. ఇంజను లేదు, కాగితాలు లేవు. వెంట కుర్రాళ్లు కొందరు, అందరూ ఇస్త్రీ చేసిన సులులు, అంటే వాళ్ల లుంగీలు, కట్టుకుని. చంకలో ఒక పొడుగాటి కట్ట. నరసింహ తీసుకువెళ్లినదానికి రెట్టింపు. వచ్చి నరసింహ ముందు నేల మీదే కూర్చున్నారు. తింటున్నవాళ్లు నమలడం ఆపారు.

"భయ్యా, ఈ వీధిలో మంట లేస్తే లోపలికి వెళ్లేది వీళ్లు," అన్నాడు ఇసిరేలి. కుర్రాళ్లను పేరుపేరునా చూపించాడు. "వీళ్లకి దారి అడగడానికి వచ్చా. ఆఫీసరుగా కాదు. నువ్వు నా దగ్గరికి ఎలా వచ్చావో నేనూ అలాగే వచ్చా."

నరసింహ చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. ముట్టుకుంటే ఇచ్చినట్టే. అక్కర్లేదని తోసేస్తే బజారులో సగం గిరాకీ కైవీటి వాళ్లే, ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కరు. "ఆలోచించి చెప్తా తవాలే," అన్నాడు.

"తొందర లేదు," అన్నాడు ఇసిరేలి. నేల మీద ఉంటే ఎవరైనా తొక్కుతారని కట్టను పక్కనే ఉన్న బల్ల మీద పెట్టాడు. అన్నిటికంటే ముందున్న బల్ల, ఎప్పుడూ ఖాళీ ఉండని బల్ల. పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ బల్ల దగ్గర ఇంకెవరు కూర్చుంటారు? ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. మర్నాడు కూడా కూర్చోలేదు. అటుగా వెళ్లే కైవీటి జనం గుళ్లో నడిచినట్టు నడుం వంచి, "తులౌ, తులౌ," అని మన్నించమన్నట్టు గొణుక్కుంటూ దాటుతున్నారు. పక్క బల్లల వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. గొంతు తగ్గితే కబుర్లు తగ్గుతాయి, కబుర్లు తగ్గితే రెండో టీ తగ్గుతుంది. నరసింహ కట్ట మీద వడల బుట్ట బోర్లించాడు. అది ఇంకా పెద్దగా కనిపించింది. 'రిజర్వుడు' అని అట్ట పెట్టాడు. కామిని గట్టు దిగి వచ్చి చూసింది.

"ఏం భయ్యా, ఈ గిరాకీ ఏం తింటున్నాడు? మూడు రోజులైంది, లేవడంలేదు!"

"నీ పొయ్యి చూసుకో కామినీ."

"చూసుకుంటూనే ఉన్నా. మీ గిరాకీ అంతా నా పొయ్యి దగ్గరికే వస్తోంది కదా."

నరసింహ బిజేంద్రను టీకి పిలిచాడు. మాల్ మీద కౌన్సిల్‌దే పెత్తనం కాబట్టి ఆ కట్టను కౌన్సిల్ తరఫున స్వీకరించమన్నాడు. బిజేంద్ర కుర్చీని బల్లకు దూరంగా జరుపుకున్నాడు. "సర్కారీ మనిషిని నరసింహా. కానుకలు ముట్టుకోను."

"పోయిన దీపావళికి మిఠాయి డబ్బా ముట్టుకున్నారు."

"అది తినేశా. ఇప్పుడు కనపడదు. ఇది కనపడుతోంది."

ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండునని ఆశపడ్డాడు నరసింహ. కొట్టు మూసేటప్పుడు కావాలనే బయట వదిలేశాడు. అంత మంచి సరుకు, బజారులో చెప్పిన ధర పలికే సరుకు, వీధిలో పడి ఉంటే దొంగలున్న ఊళ్లో ఒక్క దొంగా రాలేదు. పొద్దున వచ్చేసరికి రిబ్బను మీద మంచు బొట్లతో అక్కడే ఉంది. ఊరి నిజాయితీ మీద నరసింహకు మొట్టమొదటిసారి అసహ్యం పుట్టింది.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక మాల బయటికి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. వడల బుట్ట తీసి పక్కన పెట్టింది. కైవీటి ఆడవాళ్లు కూర్చున్నట్టు కాళ్లు ఒక పక్కకు మడిచి నేల మీద కూర్చుని, కట్టను రెండు చేతులా అందుకుని, చప్పట్లు కొట్టింది. ఒకటి, రెండు, మూడు. వీధి వీధంతా చూసింది. అవతల కామిని చేతిలో పటకారు అలాగే ఆగిపోయింది.

"ఏమే! పిచ్చెక్కిందా? ఏం చేశావో తెలుసా?"

"తెల్సు. దారిచ్చాను."

"నాకు పెట్టిన కట్ట! నువ్వు తీసుకుంటే చెల్లదు!"

"పైన బోర్డు చదువు. మాలా కర్రీ హౌసు. నా పేరయితే లోను తొందరగా వస్తాదని నువ్వే రాయించావు."

మాల లేచి, కట్టను బిడ్డను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకుంది. గొంతు తగ్గించింది. అయినా తెలుగులోనే మాట్లాడింది, ఇది మొగుడికి తప్ప ఇంకెవరికీ కాదు గనక.

"దీపాలు కట్టించిన రోజు మూకుడులో నూనె అంటుకుంది. మంట చిమ్నీ దాకా లేచింది. ఎనక గోడ. ముందు గుమ్మానికి అడ్డం నీ బల్లలు, నీ చక్రాలు. గోనెపట్టా తడిపి ఏశాను, ఆరింది. ఆరకపోతే?" ముంజేయి చూపించింది. మోచేతి దాకా కాలి, నున్నగా, ఎర్రగా ఉంది. "నిన్ను పిలిచాను. ఏటన్నావో గుర్తుందా?"

నరసింహకు గుర్తుంది. 'ఆగు, గిరాకీ ఉంది' అన్నాడు. ఎందుకు పిలిచావని తరవాత అడగలేదు. ఈ వారం రోజులూ ఆమె నిండు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకుంటోందని కూడా అడగలేదు.

"బయట కూర్చుని అన్నీ లెక్కేస్తావు కదయ్యా. అందులో నేనెక్కడున్నాను?"

అలవాటు ప్రకారం నరసింహ లెక్క వేశాడు. మాల లేకపోతే వంటకు ఇద్దరు మనుషులు, వాళ్ల మీద కన్నేయడానికి ఇంకో మనిషి, పోపు రుచి మారితే జారిపోయే పాత గిరాకీ. ఏ పక్క నుంచి కూడినా హోటలు నష్టంలోనే తేలింది. హోటలు సంగతి వదిలేసి కూడబోతే లెక్క మొదలే కాలేదు. వేళ్ల మీద బొటనవేలు అలా ఆగిపోయి ఉంది. కాసేపటికి లేచి నిచ్చెన తెచ్చి, ముందు దీపాల తీగ విప్పాడు.

కప్పు దిగుతుంటే కామిని పెట్టిన కేకలు బస్ స్టాండు దాకా వినపడ్డాయి. "నా వాసాలు! నా వాసాలు నీ గుంజల మీదున్నాయి! నువ్వు ధర్మరాజువయితే అవు, నన్నెందుకు దింపుతావు?" అయినా గుంజలు లేచాక వాసాలు గాల్లో ఆగవు కదా. సాయంత్రానికి వీధి మధ్యలో ఆకాశం కనపడింది. అది ఇంత వెడల్పు ఉంటుందని జనం మరిచిపోయారు. ఫైరింజను నెమ్మదిగా, ఏ బల్లకూ తగలకుండా, ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఇసిరేలి దిగి, బానెట్ మీదే కాగితం పెట్టి, గోడ వెంబడి ఒక్క వరస బల్లలకు సంతకం చేసి ఇచ్చాడు. సగం బల్లలు పోయాయి, సగం బతికాయి. బస్ స్టాండు తప్పింది.

అందుకున్న కట్టను దాచుకోకూడదు, దంచి అందరూ తాగాలి. బిజేంద్ర చాప తెప్పించాడు. కుర్రాళ్లు గిన్నె తెచ్చారు. చాప ఎక్కడ పరుద్దామా అని అటూ ఇటూ చూస్తే వీధి మొత్తంలో ఖాళీగా ఉన్నది కొత్త దారి ఒక్కటే. అక్కడే పరిచారు. ఇసిరేలి కూర్చున్నాడు, కుర్రాళ్లు కూర్చున్నారు, ఫైరింజను వెనకాల ఆగి ఉంది. దంచి కలిపిన గ్రోగు పోసిన కొబ్బరిచిప్ప చేతులు మారడం మొదలైంది. కామిని కూడా కోపం పక్కన పెట్టి, గ్రోగుతో నంజుకోవడానికని కాల్చిన మొక్కజొన్నల పళ్లెంతో వచ్చి చాప అంచున కూర్చుంది.

హోటలు గుమ్మంలోంచి నరసింహ చూశాడు. తన గిరాకీని, తన కప్పును, తన నీడను ఇచ్చి కొన్న ఖాళీ అది. దాని మీద కూర్చుని కామిని మొక్కజొన్న పొత్తులు అమ్ముతోంది.

"లేవండి," అన్నాడు.

అందరూ నవ్వారు. "రా భయ్యా, నీ చిప్ప తయారుగా ఉంది," అన్నాడు ఇసిరేలి.

"లే తవాలే. ఇది ఇంజను దారి. ఆగు, తిరుగు, పక్కకి జరుగు." నరసింహ నవ్వడం లేదు. చాప మూల పట్టుకుని లాగడం మొదలెట్టాడు. గిన్నెలో గ్రోగు ఒలికింది. బిజేంద్ర "మనవాళ్లమే కదా నరసింహా," అంటుండగానే ఆయన కింద నుంచి చాప జారింది. ఇసిరేలి ఒక్క క్షణం కళ్లార్పకుండా చూసి, గిన్నె రెండు చేతులా ఎత్తుకుని గోడ వెంబడి వెళ్లి కూర్చున్నాడు. మిగతావాళ్లూ వెళ్లక తప్పలేదు.

ఆ రోజు మొదలు. కామిని తెల్లారి ఒక చిన్న స్టూలు దారిలోకి జరిపితే నరసింహ దాన్ని ఎత్తి తీసుకెళ్లి ఆమె పొయ్యి పక్కన పెట్టి వస్తాడు. కూరగాయల బండి ఆగితే తోసేస్తాడు. ఫొటోలు తీసుకునే కొత్త పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ ఒకసారి గోడ వైపుకు పంపించాడు. కౌన్సిల్ లారీని కూడా ఆపాడు. నరసింహకు ముసలితనంలో ధర్మబుద్ధి పుట్టిందని గుడిలో అనుకున్నారు. ఏ ధర్మమూ కాదు. తాను నష్టపోయిన చోట ఇంకొకడు లాభపడితే అతనికి నిద్ర పట్టదు, అంతే. ఊళ్లో ఏ వీధిలోనూ లేనంత ఖాళీ ఆ వీధిలో ఉండేది.

మసి మళ్లీ రాలే కాలానికి నరసింహకు మోకాళ్లు నొప్పెట్టాయి. మాల్ మొదట్లో, దారి మొత్తం కనపడేలా, ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన ఇసిరేలి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. గోడలు చూశాడు, ఆకాశం చూశాడు, ఎక్కడా వంక దొరకలేదు. చివరికి నరసింహ ముందు ఆగాడు.

"అంతా బాగుంది తవాలే. ఆ కుర్చీ ఒక్కటి."

నరసింహ కిందకు చూసుకున్నాడు. కుర్చీ కాళ్లు నాలుగూ ఇంజను దారిలోనే ఉన్నాయి. లేచాడు. కుర్చీ మడిచి లోపల పెట్టి, మళ్లీ వచ్చి, గోడకు వీపు ఆనించి, మసి వానలో నిలబడ్డాడు.